అమ్మవారు వచ్చి వెళ్ళిన మగవాళ్ళు

మశూచి మచ్చలున్న ముఖాన్ని ఇప్పుడు మెడిసిన్ చదివి బయటికి వస్తున్న పిల్లలు చూసి ఉండరు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో విశాఖపట్నంలో ఏ సిటీబస్సు ఎక్కినా అలాంటి ముఖాలు కనిపించేవి. ఎవరూ తేరిపార చూసేవారు కాదు. డెబ్భైల్లో ఆ జబ్బు దేశంలోంచి పోయింది. జబ్బు పోయింది గాని, అది వచ్చి బతికినవాళ్ళు ఉండిపోయారు. వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకున్నారు. కొందరికి పిల్లలు కలగలేదు. కొందరు భార్య పక్కన పడుకోవడానికే భయపడ్డారు. ఆ కొందరిలో కొందరు నా గదికి వచ్చారు.

నేను పనిచేసింది ఒక పెద్ద ఆసుపత్రిలో, మగవాళ్ళ మూత్రకోశ, జననాంగాల జబ్బులు చూసే విభాగంలో. ఆసుపత్రి పేరు అవసరం లేదు. మనుషుల పేర్లు మార్చాను, నా భార్య సుశీల పేరు తప్ప. ఆమె ఆడవాళ్ళ ఆసుపత్రిలో డాక్టరు. పోయి ఏడాది దాటింది.

మా బంధువులమ్మాయి ఒకతె ఈ మధ్య నేను చేసిన విభాగంలోనే చేరుతూ, "మీరు నేర్చుకున్నవి రాసి ఇవ్వండి తాతయ్యా" అని అడిగింది. రాద్దామని కూర్చుంటే నేర్చుకున్నవాటికంటే తేలనివే ముందు గుర్తొచ్చాయి. ప్రమోషన్లు, బదిలీలు ఎవరికైనా ఒకటే గనక వదిలేస్తున్నాను. తేలనివే రాస్తాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు అవే ఎక్కువ ఎదురవుతాయి.

పోర్టు ఊరి రోగం

మా ప్రొఫెసరుగారు మంచి సర్జను. చెయ్యి వణికేది కాదు, మాట తడబడేది కాదు. ఆయనకు ఒక నమ్మకం ఉండేది. ఇది పోర్టు ఊరు. ఓడలు వస్తాయి, నావికులు వస్తారు, వాళ్ళ కోసం ఇళ్ళు వెలుస్తాయి. కాబట్టి మగవాడికి నడుం కింద ఏం వచ్చినా అది ఆ ఇళ్ళ నుంచి వచ్చిందే. వృషణం వెనక సన్నటి గొట్టం గట్టిపడి చేతికి తగిలిందంటే ఆయన తల ఎత్తేవారు కాదు. "ఎక్కడికి వెళ్ళావు?" అని అడిగేవారు. "ఎక్కడికీ వెళ్ళలేదండి" అంటే మళ్ళీ అదే ప్రశ్న, కొంచెం పెద్ద గొంతుతో.

భీమునిపట్నం నుంచి ఒక కిరాణాకొట్టు యజమాని వచ్చాడు. పెళ్ళయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. నెమ్మదస్తుడు, చొక్కా పైగుండీ కూడా పెట్టుకునే మనిషి. ప్రొఫెసరుగారు అడిగారు. లేదన్నాడు. మళ్ళీ అడిగారు. చుట్టూ విద్యార్థులూ, కొత్తగా చేరిన మేమూ నిలబడి ఉన్నాం. మూడోసారికి "ఒకసారి వెళ్ళేనండి" అన్నాడు. అతను వెళ్ళి ఉండడని నాకు అప్పుడే అనిపించింది. ఆ గదిలోంచి బయటపడడానికి అతనికి కనిపించిన దారి అదొక్కటే. పెన్సిలిన్ రాశారు. నియమం ప్రకారం భార్యకు కూడా రాశారు. ఆవిడ ఇంజక్షను ఎందుకని నర్సును అడిగింది, నర్సు చెప్పింది. ఆవిడ అటునుంచి అటే పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఆ మనిషి ముఖం నిండా మచ్చలు. మాలో ఒక్కరూ ఆ ముఖం చూడలేదు. కళ్ళ ముందే ఉంది గాని చూడలేదు.

ఇందులో తప్పు ప్రొఫెసరుగారిది ఒక్కరిదే అనలేను. "ఇంతకు ముందు ఏవైనా జబ్బులు చేశాయా?" అని మేం అందరినీ అడిగేవాళ్ళం. "లేదు" అని అందరూ చెప్పేవారు. అబద్ధం కాదు. మా జిల్లాల్లో మశూచిని జబ్బు అనరు. ఇంటికి అమ్మవారు వచ్చింది, ఉంది, వెళ్ళింది. ఉన్నన్నాళ్ళూ వేపమండలు కట్టి, తాళింపు మానేసి, మైలమాటలు ఆడకుండా చూసుకుంటారు. వచ్చింది దేవతయితే ఆమెను జబ్బుల లెక్కలో చెప్పడం ఎవరికి తోస్తుంది? మేం సరైన ప్రశ్నే అడుగుతున్నామనుకున్నాం. వాళ్ళు సరైన జవాబే చెబుతున్నామనుకున్నారు.

వరండాలో నిలబడ్డవాళ్ళు

కనిపెట్టింది సుశీల. పుస్తకంలో కాదు, వరండాలో.

ఆడవాళ్ళ ఆసుపత్రి లోపలికి మగవాళ్ళను రానిచ్చేవారు కాదు. పిల్లలు లేరని వచ్చిన ఆడవాళ్ళ మొగుళ్ళు బయట వరండాలో బీడీలు కాలుస్తూ నిలబడేవారు. ఆమె పొద్దున డ్యూటీకి వెళ్తూ వాళ్ళ మధ్యనుంచే నడిచి వెళ్ళాలి. ఒకరోజు కాఫీ తాగుతూ అంది: "మా వరండాలో మచ్చల ముఖాలు ఎక్కువ కనిపిస్తున్నాయి. ప్రసవాలకు వచ్చినవాళ్ళ మొగుళ్ళలో అంత లేవు. నీకేమైనా తెలుసా?"

నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోకుండా, ఊళ్ళోనే ఎక్కువమంది ఉన్నారు గదా అన్నాను. ఆమె వాదించలేదు. మర్నాటి నుంచి పిల్లలు లేనివాళ్ళకు గర్భసంచి శుభ్రం చేయించమని రాయడం ఆపేసింది. ముందు మొగుణ్ణి మా విభాగానికి పంపడం మొదలుపెట్టింది. చాలామంది రాలేదు. వచ్చినవాళ్ళను నేను వేరేగా అడగడం నేర్చుకున్నాను. "అమ్మవారు ఎప్పుడు వచ్చింది? చిన్నప్పుడా, మీసాలు వచ్చాకా?"

లైబ్రరీలో వెతికితే కొద్దిగా దొరికింది. పెద్దయ్యాక మశూచి వస్తే వృషణాల వెనక గొట్టం వాచి మూసుకుపోవచ్చని రాశారు. ఎంతమందికి, ఎంతమేరకు, తిరిగి తెరుచుకుంటుందా అన్నది ఎక్కడా తేల్చి రాయలేదు. మూసుకుపోయిన చోటును దాటించి గొట్టాన్ని ఆపరేషనుతో కలపడం అప్పట్లో మా దగ్గర కుదిరే పని కాదు. పడకగదిలో ధైర్యం పోవడం గురించి ఎవరూ ఏమీ రాయలేదు. వైరస్‌కూ దానికీ సంబంధం లేదనే అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనుకోలేను. ముఖం మారిపోయిన మనిషి తన శరీరాన్ని ఎలా చూసుకుంటాడో మాకు ఎవరూ చెప్పలేదు.

పైడయ్య

పైడయ్యది విజయనగరం అవతల ఒక పల్లె. వ్యవసాయం సరిపోక పోర్టులో చేరాడు. ఇనుప ఖనిజం ఓడల్లోకి ఎక్కించే బెల్టు దగ్గర పని. కాపురం మల్కాపురంలో. ముఖం మీది గుంటల్లో ఎర్రదుమ్ము ఉండిపోయేది. ఎంత కడిగినా పోదన్నాడు. పనిలో అతన్ని జల్లెడ అని పిలిచేవారు. అది అతనే నవ్వుతూ చెప్పాడు, నేను ముఖం వంక చూడకుండా ఉండడానికి అవస్థ పడుతుంటే.

"సూడండి బాబూ, పరవానేదు. అమ్మోరు సంతకం ఎట్టీసి ఎల్లిపోనాది. దాచితే దాగుద్దా?"

అతణ్ణి పంపింది సుశీల కాదు. తనే వచ్చాడు, నరాల బలహీనత అని. నాలుగు నెలల నుంచి భార్య దగ్గర ఏమీ చేతకావడం లేదు. అంతకు ముందు బాగానే ఉండేది. నాలుగు నెలల కింద ఏం జరిగిందని అడిగితే ముందు పని ఎక్కువైందన్నాడు. చివరికి చెప్పాడు. తల్లి రెండో సంబంధం చూసింది. ఊళ్ళో అమ్మవారి పండగ వెళ్ళగానే ఆ పిల్లను తెస్తానంది. ఈ కోడలు నూకాలును పుట్టింటికి పంపేస్తుంది. చట్టం ఒప్పుకోదని నేనన్నాను. ఊళ్ళో ఎవడికి కావాల బాబూ చట్టం, అన్నాడు.

నూకాలుకు తల్లిదండ్రులు లేరు. అన్న దగ్గరికి వెళ్ళాలి. వదిన ఒక మాట ముందే పంపింది, మా ఇంట్లో చోటు లేదని. ఈ సంగతి తర్వాత సుశీల చెప్పింది. నూకాలు ఆమె పేషెంటే. సుశీల దగ్గరికి రాకముందే రెండుసార్లు గర్భసంచి శుభ్రం చేయించుకుంది, మందులు మింగింది, ఆమెలో లోపమేమీ లేదు. అంటే పండగలోపల ఎవరో ఒకరు నిజం చెప్పకపోతే ఆ మనిషి వీధిన పడుతుంది.

నేను పరీక్ష చేశాను. రెండువైపులా గొట్టాలు గట్టిగా, ముడులుగా తగిలాయి.

"ఏ జబ్బూ చెయ్యలేదా?"

"నేదు బాబూ."

"అమ్మవారు ఎప్పుడు వచ్చింది?"

"అదా. పద్దెనిమిదో ఏడు."

"అప్పుడు కింద వాచిందా?"

అతను తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "వాచిపోనాది బాబూ. కొబ్బరికాయలాగ. నడవనేకపోనాను. మాయమ్మతో సెప్పనేదు. అమ్మోరు ఇంట్లో ఉండగా అలాటి మాట నోట రాకూడదు గదా. అమ్మోరు ఎల్లిపోయేక, తగ్గిపోనాది గదా, మరెందుకు సెప్పడం అని ఊరుకున్నాను."

అన్నేళ్ళలో ఈ మాట అతను బయటపెట్టడం అదే మొదటిసారి.

ఒక్క పరీక్ష

వీర్యం పరీక్షకు ఇవ్వమన్నాను. మా విభాగంలో దానికి వేరే గది లేదు. వెనకవైపు మరుగుదొడ్డి, గడియ పడదు, బయట వార్డుబాయ్‌లు పేకాడుతుంటారు. నరాల బలహీనత అని వచ్చినవాడిని మేం అక్కడికి పంపుతాం. చాలాసేపటికి వచ్చాడు. సీసాలో చాలా కొద్దిగా ఉంది. కొంత కింద పడిందన్నాడు. మొదట వచ్చేదా, చివరిదా అని అడిగాను. తెలియదు బాబూ, భయంలో ఉన్నాను అన్నాడు.

చదివేవాళ్ళు ఇది జాగ్రత్తగా చూడాలి. కణాలు ఎక్కువగా ఉండేది మొదటి భాగంలోనే. అది పోతే పరీక్షకు విలువ తగ్గుతుంది. పైగా కొద్దిగా ఉన్నదాన్ని మిషనులో వేగంగా తిప్పి అడుగున పేరుకున్నది చూడాలి. తిప్పే మిషను పాడై మూల పడి ఉంది. నేను ఉన్నది ఉన్నట్టు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. కణం ఒక్కటి కూడా కనపడలేదు. నియమం ప్రకారం ఇలాంటి పరీక్ష కనీసం రెండు మూడుసార్లు చెయ్యాలి. వారం తర్వాత మళ్ళీ రమ్మన్నాను. అతను బూట్ల వంక చూస్తూ, మళ్ళీ ఆ దొడ్లోకి ఎల్లను బాబూ అన్నాడు.

ప్రొఫెసరుగారిని అడిగాను, ఏం చెప్పాలని. ఆయన చేతులు కడుక్కుంటూ చెప్పారు. "మగవాడికి బీజం లేదని ఎప్పుడూ చెప్పకు. పోయి సముద్రంలో దూకుతాడు. టానిక్ రాయి. ఆడదాని వైపు లోపం అని రాస్తే ఎవరూ చావరు."

ఆయన క్రూరుడు కాదు. ఒకప్పుడు అలా చెప్పి ఒక పేషెంటును పోగొట్టుకున్నారని తర్వాత విన్నాను. అయినా ఆ మాట తప్పు. ఆడవాళ్ళు చస్తారు. మా విభాగంలో చావరు గనక మాకు కనిపించదు.

నా చిక్కు వేరు. పైడయ్య దృష్టిలో బీజం, మగతనం ఒకటే. బీజం లేదని చెప్పానా, ఉన్న కాస్త ధైర్యం కూడా పోతుంది, ఇక ఎన్నటికీ భార్య దగ్గరికి వెళ్ళలేడు. చెప్పలేదా, నూకాలు పోతుంది. ముందు భయం తగ్గించి తర్వాత మెల్లగా చెబుదామంటే పండగ దగ్గరపడింది. ఒకే శరీరంలో రెండు వేర్వేరు బాధలు ఉన్నాయి. ఒకదానికి మందు రెండోదానికి విషం.

సుశీలను అడిగాను. "రెండూ ఒకే రోజు చెప్పు," అంది. "కానీ విడివిడిగా చెప్పు."

చీటీ వెనక బొమ్మ గీశాను. ఇదిగో, బలం వచ్చేది ఇక్కడినుంచి, దీనికి ఏమీ కాలేదు. నువ్వు దిగులుపడ్డావు గనక మొరాయించింది, దిగులు తగ్గితే అదే వస్తుంది. ఇది వేరే దారి. ఇక్కడ కణాలు తయారవుతాయి, ఈ గొట్టంలోంచి రావాలి. అమ్మవారు వచ్చినప్పుడు వాచింది చూశావా, అప్పుడు ఇది మూసుకుపోయి ఉంటుంది.

అతను చీటీ అందుకుని గొట్టం గీత వెంట వేలు కదిపాడు.

"అంటే బెల్టు తిరుగుద్ది. సరుకు రాదు. అంతే గదా బాబూ?"

"అంతే."

"అయితే బెల్టుకి ఏటీ కానేదు."

"కాలేదు."

"నూకాలికీ ఏటీ కానేదు."

"లేదు."

అప్పుడు అతను ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మాయమ్మకి ఏటని సెప్పను?" అని అడిగాడు. లోపం నీలోనే ఉందని చెప్పు అన్నాను. ఆ మాట చెప్పడం నాకెంత తేలికో అప్పుడు తెలియలేదు. టానిక్ రాయమన్నాడు, చేతిలో సీసా లేకుండా ఇంటికి ఎలా వెళ్ళను అని. రాశాను.

తల్లి

పండగకు ముందు ఒక ముసలామె మా గది గుమ్మంలో నిలబడింది. మగవాళ్ళ విభాగంలోకి ఆడవాళ్ళు వచ్చేవారు కాదు. క్యూలో ఉన్న మగవాళ్ళంతా గోడవైపు తిరిగారు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. పైడయ్య తల్లినని చెప్పింది.

"డాట్రు బాబూ, నా కొడుకు ఒక మాట అంతన్నాడు. అమ్మోరు ఎల్తూ ఎల్తూ వోడి సంతానం పట్టుకెల్లిపోనాదట. మీరు సెప్పేరట. నిజవేనా?"

నేను అలా చెప్పలేదు. నేను గొట్టం బొమ్మ గీశాను. మూసుకుపోయి ఉంటుంది అన్నాను, ఇంకో పరీక్ష కావాలన్నాను. అతను దాన్ని ఇంట్లో చెల్లే మాటగా మార్చుకున్నాడు. కాదంటే ఆమె నేరుగా వెళ్ళి సంబంధం ఖాయం చేస్తుంది. ఔనంటే, నేను క్రైస్తవుణ్ణి, మా చర్చి పాస్టరుగారు ఏమంటారన్నది అలా ఉంచి, సూక్ష్మదర్శినితో పనిచేసేవాడిగా నేను దేనికి ఔనంటున్నట్టు?

"అప్పుడు వచ్చినదానివల్లే," అన్నాను.

"మరైతే కోడలికి ఏ దోసవూ నేదా?"

"లేదు. ఇంకో పిల్లను తెచ్చినా ఇంతే."

ఆమె గుమ్మంలోనే కూర్చుంది. కంపౌండరు లేపబోతే వద్దన్నాను. తనలో తాను అనుకున్నట్టు అంది: "అమ్మోరికి నానేం తక్కువ సేసేను? మండలు కట్టేను, పానకం పోసేను. తీసుకెల్లదలిస్తే సెప్పి తీసుకెల్లొచ్చు గదా." తర్వాత నా వైపు తిరిగింది. "మరి ఆ పిల్ల తండ్రికి మాట ఇచ్చీసేను. ఆడికి ఏటని సెప్పాల, అది కూడా మీరే సెప్పండి."

దానికి నా దగ్గర మందు లేదన్నాను. క్యూలో ఒకడు నవ్వాడు. "నవ్వరా నవ్వు, నువ్వెందుకొచ్చేవో నాకు తెల్దనుకున్నావా" అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

నూకాలు ఇంట్లోనే ఉండిపోయింది. పైడయ్య రెండో పరీక్షకు రాలేదు.

అయిదారేళ్ళ తర్వాత

స్టీలుప్లాంటు పనులు జోరుగా సాగుతున్న రోజులు. ఊరంతా లారీలు. ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయాక పైడయ్య వచ్చాడు. జుట్టు నెరిసింది. తల్లి పోయిందన్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఆ రోజు పరీక్ష తప్పవ్వొచ్చా బాబూ?"

ఎందుకని అడగబోయి కిటికీలోంచి చూశాను. వరండాలో నూకాలు బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు గాని, ఆమేనని అర్థమైంది. ఒళ్ళో మూడేళ్ళ పిల్లాడు జంతిక నములుతున్నాడు.

పనిలో ఎవడో అన్నాడట. పైడయ్య తల్లి బతికున్నప్పుడు, అమ్మోరు సంతానం పట్టుకెళ్ళిపోయిందని అందరికీ చెప్పుకుంది. ఆ తర్వాత పిల్లాడు పుట్టాడు. "జల్లెడలో నీల్లు ఎలగ నిలిసేయి బావా?" అని టీకొట్టు దగ్గర అడిగాడట. అందరూ నవ్వారు. పైడయ్య కూడా నవ్వాడట. ఇంటికి వెళ్ళాక అన్నం తినలేదు.

నేను జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద ఏం ఆధారపడి ఉందో ఇద్దరికీ తెలుసు. మొదటిసారి నిజం చెప్పినందుకు ఆ ఆడమనిషి ఇంట్లో నిలిచింది. ఇప్పుడు అదే నిజం ఆమెను వెళ్ళగొట్టగలదు.

తప్పు కావచ్చా? కావచ్చు. ఒక్కసారే చేశాం. మొదటి భాగం కింద పడిపోయి ఉండొచ్చు. మిషను లేదు. గొట్టం రెండువైపులా పూర్తిగా మూసుకుపోయిందని నా వేళ్ళు అనుకున్నాయి, అంతే. కానీ ఇది నేను ఎవరో విద్యార్థి అడిగితే చెప్పే మాటేనా, లేక కిటికీలోంచి చూశాను గనక చెబుతున్న మాటా? అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

"తప్పు కావచ్చు," అన్నాను. "ఒక్క పరీక్షతో తేల్చకూడదు. నిన్ను మళ్ళీ రమ్మన్నది అందుకే."

"మళ్ళీ సెయ్యమంటే సేత్తారా?"

"చేస్తాను. ఇప్పుడు గడియ ఉన్న గది ఉంది. మిషను బాగుంది. నీకు కావాలా?"

అతను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. బయట పిల్లాడు జంతిక ముక్క తల్లి నోట్లో పెట్టబోతున్నాడు. ఆమె తల తిప్పుకుంటోంది, వాడు వదలడం లేదు.

"వొద్దు బాబూ," అన్నాడు. "తప్పవ్వొచ్చని డాట్రుగారే అన్నారని సెప్తాను. నాకు ఆ మాట సాలు."

పోయేముందు, మరి నీ నరాల బలహీనత సంగతేమిటని అడిగాను. సిగ్గుపడ్డాడు. "బెల్టు తిరుగుతన్నాది బాబూ" అన్నాడు.

అడగని ప్రశ్న

ఆరోజు సాయంత్రం సుశీలకు చెప్పాను. ఆమె చీరలు మడత పెడుతోంది. పైడయ్య వచ్చిన సంగతి, పిల్లాడి సంగతి అంతా విని, "మంచిపని చేశావు" అంది. ఆ కాన్పు మీ ఆసుపత్రిలోనేనా అని అడిగాను. అక్కడే అంది. మరి నీకేమనిపిస్తోంది అన్నాను.

"నీ పేషెంట్ల గురించి నేను అడగను. నా పేషెంటు గురించి నువ్వు అడక్కు."

చీర అంచులు కలిపి మడత పూర్తిచేసింది. ఇక ఆ మాట రాలేదు.

కానీ అంతకు ముందెప్పుడో ఆమే ఒకసారి అడిగింది. అదే నన్ను వదలడం లేదు. ఒక పొద్దున బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూ, "ఆ మల్కాపురం మనిషి బ్లడ్ గ్రూప్ ఏమిటి?" అంది. కేసుషీటులో చూసి చెప్పాను. ఎందుకని నేనడగలేదు. కడుపుతో ఉన్న ఆడమనిషి విషయంలో మొగుడి గ్రూపు తెలుసుకోవడం మామూలే, రక్తం పడకపోతే బిడ్డకు ప్రమాదం. అయితే ఆ రోజుల్లో కొన్ని ఆసుపత్రుల్లో ఇంకొకటి కూడా నిశ్శబ్దంగా జరిగేది. మొగుడికి కణాలు లేనప్పుడు వేరే దాత వీర్యం ఎక్కించేవారు. మొగుడి గ్రూపుకు సరిపోయే దాతను చూసేవారు. ఎవరూ రాసుకునేవారు కాదు, ఎవరూ మాట్లాడేవారు కాదు. మొగుడికి చెప్పి చేసేవారా, చెప్పకుండానా అన్నది కూడా ఆసుపత్రిని బట్టి, డాక్టరును బట్టి ఉండేది.

ఆమె ఆ ప్రశ్న అడిగింది నూకాలు కడుపుతో ఉన్నప్పుడా, అంతకు ముందా? నాకు గుర్తులేదు. ఎంత ఆలోచించినా చెప్పుల చప్పుడు గుర్తొస్తుంది గాని ఏ సంవత్సరమో రాదు. నా పరీక్ష తప్పు కావచ్చు. సుశీల చెయ్యి ఉండవచ్చు. టీకొట్టు దగ్గర వాడన్నదే నిజం కావచ్చు. మూడూ ఒకేలా నమ్మదగ్గవిగా ఉన్నాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు సగం కేసులు ఇలాగే మిగిలాయి. కాకపోతే మిగతావాటికి నేను ఇంతగా తడుముకోను. ఇందులో ఆమె ఉంది.

చివరి నెలల్లో ఒకసారి అడుగుదామనుకుని మంచం పక్కన కూర్చున్నాను. ఆమె నీళ్ళు అడిగింది. ఇచ్చాను. అంతటితో సరిపోయింది.

సుశీల అంత్యక్రియల రోజు సమాధుల తోటలో అందరూ మట్టి వేసి వెళ్ళాక ఒక ఆడమనిషి గేటు దగ్గరనుంచి వచ్చింది. నూకాలు. బాగా పెద్దదైపోయింది. పక్కన కొడుకు, నడివయసు మనిషి, స్టీలుప్లాంటులో క్రేను నడుపుతాడట. పైడయ్యకు మోకాళ్ళ నొప్పులు, రాలేకపోయాడు. ఆమె పిడికెడు మట్టి వేసింది. కొడుకు చేత కూడా వేయించింది. చాలాసేపు అక్కడే నిలబడింది, మామూలుగా ఒక డాక్టరమ్మ కోసం పేషెంటు నిలబడే దానికంటే ఎక్కువసేపు. అలాగని అదేమీ రుజువు కాదు.

నేను ఆ కొడుకు ముఖం వంక చూశాను. డాక్టరుగానే చూశాను, సిగ్గులేకుండా. నున్నటి ముఖం. తండ్రి పోలిక ఉందా అని వెతికాను. పైడయ్య ముఖం గుర్తుచేసుకోబోతే మచ్చలు గుర్తొచ్చాయి, గుంటల్లో ఎర్రదుమ్ము గుర్తొచ్చింది. వాటి కింద ఉన్న ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. పద్దెనిమిదో ఏటికి ముందు చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. పోల్చడానికి ఏమీ లేదు.

నూకాలు నా దగ్గరికి వచ్చింది. ఇక అడగడానికి మిగిలింది ఆమె ఒక్కతే. కొడుకు పక్కనే ఉన్నాడు.

"ఎలా వెళ్తారమ్మా?" అని అడిగాను.

"బస్సుకెల్తాం బాబూ," అంది.

వాళ్ళు గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. పైడయ్య ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి వద్దనుకున్నాడు, వద్దనుకుని ముప్ఫయ్యేళ్ళకు పైగా హాయిగా బతుకుతున్నాడు. నాకు ఇంకా అది చేతకావడం లేదు.